అరిగిన ముఖాల సిలువ

కౌలా సెలంగోరు దాపున, కొబ్బరితోట కూలీల లయిన్లు
1908 ఫిబ్రవరి

పినాంగులో రాయి కొట్టుకు బతికే మా బంగారయ్య బావకి, ఇక్కడ బురద కొట్టుకు బతికే తాతబాబు దండాలు పెట్టి రాసుకున్నది.

బావా, ఇంక నేను బురద కొట్టను. ఎలాగో సెప్తాను. నా పెళ్ళానికి, అదే నీ సెల్లెలికి, గట్టిగా సదివి వినిపించు. కన్నమ్మ మజ్జలో నవ్వుతాది, ఆగి మళ్ళీ సదువు.

పోయిన వానల్లో మా సిన్నదొర జొరంతో పోనాడని రాసినాను కదా. పెద్దదొరకి సొంత తమ్ముడు. టోపీ ఓ పక్కకి వాల్చి గుర్రమెక్కి తిరిగీవోడు, ఎవరూ సూడకుండా నాకు పొగాకు పడేసీవోడు. తోట సివర పాతిపెట్టి మీద కర్రసిలువ నిలబెట్టినారు. సెదలు తినీసినాయి. ఇంకోటి నిలబెట్టినారు. దానిక్కూడా అదే గతి. దొర మొన్న మమ్మల్నందర్నీ వరసలో నించోబెట్టి, రాతిపని తెలిసినోడెవడ్రా అని తోట అరవంలో అడిగినాడు. అదే పూట కంగాణి అప్పడు నన్ను మొలలోతు మురుగుకాలవలోకి దిగమంటున్నాడు. ఊళ్ళోంచి మమ్మల్ని పోగేసి తెచ్చినోడూ వాడే, బెత్తం పట్టుకుని పన్లోకి తోలీవోడూ వాడే. నేను సెయ్యెత్తీసినాను.

"మా తాత దేవుళ్ళకి కళ్ళు తెరిసినోడు దొరా" అన్నాను.

అది నిజమే కదా. మా తాత అమ్మవార్లని సెక్కినాడు. మా అయ్య రోళ్ళు సెక్కినాడు. నేను అరిగిన తిరగళ్ళకి మళ్ళీ గంట్లు పడీలాగ కక్కు కొట్టినాను. దొర తాత దగ్గరే ఆగిపోనాడు, నేనూ ఆగిపోనాను.

వాళ్ళ దేశం ఐర్లండట. వాళ్ళూరి గుడి పక్కన సమాధుల దొడ్లో వందల ఏళ్ళ నాటి రాతిసిలువ ఉన్నాదట. దాని పొటో సూపించినాడు. మనిషికి రెండింతల ఎత్తు, తల సుట్టూ బండిసక్రంలాగ ఒక రింగు, ఒంటినిండా మెలికలు, మెలికల మజ్జ గళ్ళు, గళ్ళల్లో మనుషులు. ఆ మనుషులకి మొహాల్లేవు బావా. వానకి అరిగిపోనాయి. ఉడకబెట్టిన సిలగడదుంపల్లాగున్నాయి తలకాయలు. ముక్కులెలా పెట్టమంటారు దొరా అంటే, పెట్టొద్దు, ఎలాగుందో అలాగే సెక్కు అన్నాడు. సిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ దాని కిందే ఆడుకున్నారట, తమ్ముడు ఎరిగిన సిలువ అదేనట. అంటే వాళ్ళ దేశపు వానలన్నీ ఇప్పుడు నా ఉలితో కురిపించాలన్నమాట.

సిలువ నిలబడిన రోజున పడవెక్కి పో, అందాకా కదలొద్దు అన్నాడు. ఉగాదికి నా ఒప్పందం ఎలాగూ తీరిపోతాది. తీరగానే మీ ఇంటికొచ్చి కన్నమ్మతో కాపరం పెడతాను. ఈ బురదనేల్లో గోటంత రాయి లేదు. మీ చీనా యజమాని కొట్లోంచి మంచి రాయి సూసి సరుకు పడవ మీద పంపించు, దొర కూడా ఆయనకి రాస్తున్నాడు.

కన్నమ్మ ఇదివరకు నీ ఉత్తరం సివర నన్ను తిట్టించీది. రెండు ఉత్తరాల్నించి తిట్టు లేదు. ఒంట్లో బాగుందా?

తాతబాబు


జార్జ్ టౌన్, రాళ్ళ కొట్టు వెనక ఇల్లు
1908 మార్చి

బావ తాతబాబుకి, బంగారయ్య క్షేమం తెలిపి, క్షేమం కోరి.

రాయి పడవెక్కింది. మెత్తరకం చూసి ఏరాను, నీ చేతికి గట్టిది లొంగదని నాకు తెలుసు. కింద పీట ఒక ముక్క, నిలువు ఒక ముక్క, రింగుతో తలకాయ ఒక ముక్క. ఒకదాని మీద ఒకటి కూర్చోవడానికి గుంట, బొడిపె మా కొట్లోనే చేయించాను. నిన్ను నమ్మి కాదు, కింద నించునేవాళ్ళ ప్రాణాల మీద జాలిపడి.

మా దగ్గరికి దొరల సమాధి రాళ్ళు చాలా వస్తాయి. సిలువలు సాదావే ఉంటాయి. నువ్వు రాసిన రకం నేను ఒక్కటే చూశాను. ఆ గళ్ళల్లో ఉండేవి వాళ్ళ పురాణ కథలు. మొదటి మొగుడూ పెళ్ళాం, వాళ్ళ మధ్య పాము, సింహాల నడుమ నిలబడ్డ భక్తుడు, బిడ్డనెత్తుకున్న తల్లి. పీట మీద గుర్రపువాళ్ళు. వాటితో ఆటలాడకు. చచ్చిన కుర్రాడి నెత్తిన పెట్టే రాయి అది.

కన్నమ్మ బాగానే ఉంది. మొన్న పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది, మేం నవ్వాం, తనూ నవ్వింది. తిట్టు రాయించమంటే, మనిషొచ్చాక ఎదురుగా తిడతానంది. ఉగాది దాటనివ్వకుండా రమ్మని మాత్రం రాయమంది.

బంగారయ్య


కొబ్బరితోట లయిన్లు
1908 మే

రాయిచ్చిన బావకి, రాయికి మనుషుల్ని పుట్టిస్తున్న తాతబాబు రాసుకున్నది.

ఉగాది ఎల్లిపోనాది. సిలువ అవలేదు కాబట్టి ఒప్పందం తీరలేదంటాడు దొర. కన్నమ్మని ఇంకొంచెం ఓపిక పట్టమను. ఎదురుగా తిట్టాల్సినవి పోగేసుకోమను.

మెలికలు నాకు కొరుకుడు పడలేదు బావా. ఒక తాడు బయల్దేరితే ఎక్కడా తెగకుండా పైనించి కిందనించి తిరిగి మళ్ళీ మొదటికే వస్తాది. నేలమీద బొగ్గుతో గీసి సెరిపి గీసి సెరిపి విసిగిపోనాను. పక్క లయిన్లో ఉంటాది నూకమ్మ, బిడ్డకి పాలిస్తూ సూసి, ఇది మెలికల ముగ్గే కదేటి అన్నాది. పిండి తెచ్చి సుక్కలు పెట్టి ఒక్క గుక్కలో గీసీసినాది. ఆడాళ్ళు నలుగురూ మూగి, ఇక్కడ సుక్క తక్కువైనాదని ఐర్లండోళ్ళకి వంక పెట్టినారు. అదే రాతి మీద ఎత్తుకున్నాను.

మెలికలయ్యాక మనుషులు. నువ్వు ఆటలాడకు అన్నావు. నేను ఆడకూడదనే అనుకున్నాను. కానీ మొహం లేని తలకాయలు ఎన్నని సెక్కను? దొర పనిమీద క్లాంగు ఊరు ఎల్లి ఇంకా రాలేదు. పాముకి రెండు పక్కలా మీసం పెట్టినాను. అప్పడి మీసం. మెడకాయ కూడా వాడిదే. మొదటి మొగుడికి దొర బొజ్జ పెట్టినాను. సింహాలకి మా తోట కుక్కల మొహాలు. పీట మీద గుర్రపోడికి మాత్రం సిన్నదొర మొహం పెట్టినాను, టోపీ వాల్చి. ఆ ఒక్కటీ ఆట కాదు. నాకు పొగాకు ఇచ్చినోడు.

కళ్ళు ఆఖర్ని కదా. మా తాత బొమ్మకి కళ్ళు తెరిసీటప్పుడు తిన్నగా దానికేసి సూసీవోడు కాడు. ఎనక్కి తిరిగి, అద్దంలో సూస్తూ, భుజం మీంచి ఉలి ఆడించీవోడు. తెరిసిన కన్ను మొట్టమొదట ఎవరి మీద పడితే ఆ మనిషి ఆ అమ్మకి కట్టుబడిపోతాడు, మరి పొలిమేర దాటలేడు, అనీవోడు. ఇది నేను కంగాణి అప్పడికి సావకాశంగా కూచోబెట్టి సెప్పినాను. శుక్రవారం పొద్దున్న పాముకి కళ్ళు తెరుస్తున్నాను, అది నీ మొహమే కాబట్టి ముందు నిన్నే ఎతుకుతాది, బెత్తం పట్టుకున్నోడంటే దానికి మరీ ఇష్టం అన్నాను. శుక్రవారం అప్పడు ఆ సాయకే రాలేదు. శనివారం బెత్తం మానేసి సేతులూపుకుంటూ తిరిగినాడు. లయిన్లన్నీ నవ్వుకున్నాయి. నేనూ అద్దం పెట్టుకునే తెరిసినాను లే. నమ్మి కాదు, ఆట నిండుగా ఉండాలని.

తాతబాబు


జార్జ్ టౌన్
1908 జూన్

తాతబాబుకి.

నీ ఉత్తరం కన్నమ్మకి చదివాను. నవ్వింది. నవ్వి లోపలికెళ్ళి గడప తన్నుకుని పడింది.

ఇక దాచలేను. రాయొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది, ఆ ఒట్టు ఈరోజు తీసి గట్టున పెడుతున్నాను. దానికి చూపు పోతోంది. నిరుడు ఓడ దిగినప్పుడే కొంచెం మసక ఉంది, సముద్రపు గాలనుకున్నాం. ఉప్పు రెండుసార్లు వేసింది అందుకే. పెద్దాసుపత్రిలో దొర డాక్టరు దీపం పెట్టి చూశాడు. ఇది పొర కాదు, కోసి తీయడానికి, కంటి వెనకాల ఎండిపోతోంది, మందు లేదన్నాడు. ఈ వానలు వెళ్ళేసరికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదట.

నీకు ఎందుకు చెప్పొద్దందో తెలుసా. చెబితే నువ్వు ఒప్పందం తెంచుకుని పారిపోయి వస్తావు, పోలీసులు పట్టుకుని జైల్లో పెడతారు, అప్పుడు అసలు చూడలేనని. బుద్ధిగా పని ముగించుకుని ఉగాదికి వచ్చేస్తావని రోజులు లెక్కపెట్టుకుంది. నువ్వేమో కుక్కల మొహాలు చెక్కుతూ కూర్చున్నావు.

నువ్వు ఊరొదిలి ఎన్నేళ్ళయింది? దానికి నీ మొహం ఒక్కసారి చూడాలని ఉంది. అంతకంటే అడగలేదు. ముక్కూ మూతీ ఎలా ఉంటే అలా వదిలేసి, సిలువ నిలబెట్టి వచ్చెయ్.

బంగారయ్య


కొబ్బరితోట
1908 జులై

బావా,

నీ ఉత్తరం అందిన రోజునే మూడు ముక్కలూ ఎక్కించి సిలువ నిలబెట్టీసినాను. దొర ఆ మర్నాడు క్లాంగునించి ఒచ్చినాడు. ఇంక పోవచ్చనుకున్నాను. ఏటయ్యిందో విను.

నేను కళ్ళు తెరిసిన వారంలోనే నూకమ్మ బిడ్డకి జొరం దిగిపోనాది. తోట ఆసుపత్రి డ్రెస్సరు ఇచ్చిన కొయినా మందుకి దిగుంటాది, నేనదే సెప్పినాను. ఇనలేదు. నేను తెరిసిన కళ్ళు సూసినాయి కాబట్టి దిగిందన్నారు. పసుపు రాసినారు, బొట్టు పెట్టినారు, కోడిని కోసినారు. ఇప్పుడది సిలువ కాదు, అమ్మోరు. దొర వొచ్చేసరికి తమ్ముడి సమాధి మీద కోడి ఈకలున్నాయి. బెత్తం ఎత్తినాడు. ఎత్తినోడు పీట దగ్గర గుర్రపోణ్ణి సూసినాడు. టోపీ సూసినాడు. తన టోపీ తీసీసి అక్కడే సాలాసేపు కూలబడిపోనాడు. లేచి నాతో ఒకటే మాటన్నాడు.

"ఎనకవైపు కూడా సెక్కు. వాణ్ణి ఇంకో సోట పెట్టు."

పొటోలో ఎనకవైపు లేదు దొరా అంటే, నీ ఇష్టం ఒచ్చింది పెట్టు, పూర్తవకుండా కదిలితే పోలీసులకి సెప్తానన్నాడు. నా పెళ్ళానికి కళ్ళు పోతన్నాయని ఏడిసినాను. పని తప్పించుకోడానికి ఇదివరకు మీ అమ్మ పోయిందని సెప్పినావు, ఆమె బతికే ఉన్నాదని తెలిసింది అన్నాడు. నిజమే, మురుగుకాలవ రోజుల్లో సెప్పినాను.

అప్పడి దగ్గిరికెళ్ళి, ఒరే, అద్దం కథంతా ఉత్తదిరా, నిన్ను ఆట పట్టించినాను అన్నాను. పకపకా నవ్వినాడు. కళ్ళు తెరిసినోడు పొలిమేర దాటితే అమ్మకి కోపం ఒస్తాదని, తోట గేటుకీ పడవలరేవుకీ మనుషుల్ని పెట్టినాడు. అందరికీ సెప్పినాను బావా. లయిను లయినుకీ తిరిగి సెప్పినాను. అబద్ధం సెప్పినన్నాళ్ళూ నమ్మినారు, నిజం సెప్తే కడుపు పట్టుకు నవ్వుతున్నారు. తాతబాబు మళ్ళీ మొదలెట్టినాడర్రా అంటన్నారు.

కన్నమ్మకి ఇది సదవొద్దు. ఒస్తున్నానని సెప్పు.

తాతబాబు


జార్జ్ టౌన్
1908 ఆగస్టు

తాతబాబుకి.

చదవొద్దన్నావు, చదివాను. ఇక ఈ ఇంట్లో దాపరికాలు లేవు.

నాకొకటి తోచింది. కళ్ళతో వచ్చిన అమ్మ కళ్ళు తీసేస్తే పోతుంది కదా. ఉలి తీసుకుని మొహాలన్నీ నున్నగా రుద్దెయ్. దొర మొదట అడిగిందీ అదే, ఫొటోలో ఉన్నట్టు అరిగిపోయిన తలకాయలు. పూజ ఆగుతుంది, నీ కాపలా వదులుతుంది. పట్టపగలు అందరి ఎదటా చెయ్యి, దొంగచాటుగా చేస్తే అది కూడా అమ్మ మహిమే అంటారు.

కన్నమ్మ నిన్న నన్ను దగ్గుని బట్టి పోల్చుకుంది. నేను వీధి తలుపు దగ్గర నిలబడితే, ఎవరని అడగలేదు, దగ్గాక అన్నయ్యా అంది. అంతకుముందు చాలాసేపు నాకేసే చూస్తూ ఉంది.

త్వరగా కానీ.

బంగారయ్య


కొబ్బరితోట
1908 సెప్టెంబరు

బావకి,

నువ్వు సెప్పినట్టే ఆదివారం పన్లేని పూట అందర్నీ పిలిసి, మొహాలు సెరిపేస్తున్నానని సెప్పి ఉలి అందుకున్నాను.

ముందు పాము. అదైతే ఎవరికీ బాధ లేదనుకున్నాను. అప్పడు అడ్డంగా పడుకున్నాడు. వాడు ఇప్పుడు ఆ పాముని సూసి గర్వపడుతున్నాడు బావా. ఆడాళ్ళు దానికి పాలు పోస్తున్నారు. పుట్టి బుద్ధెరిగి వాడికి ఎవరైనా ఏదైనా పెట్టినారా? నా మొహం తియ్యకు అన్నా అని ఏడిసినాడు. నన్ను బెత్తంతో కొట్టినోడే అన్నా అని ఏడిస్తే ఉలి ఎనక్కి తీసీసినాను.

సరే గుర్రపోడు. దొర అప్పటికే ఒచ్చి దాని పక్కన నించున్నాడు. ఏమైనా అనుంటే సెరిపీవోణ్ణేమో. సింహాల దగ్గర నూకమ్మ బిడ్డనెత్తుకుని నించున్నాది. ఉలి కింద పడేసినాను.

మర్నాడు రేవులో కాపలావోడు తిండికెల్లినప్పుడు మలాయి పడవెక్కీసినాను. నదిమొగ దాకా ఎల్లినాం. పడవోడు నాకేసి పరకాయించి సూసి, జొరం దింపీ రాయి సెక్కినోడివి నువ్వేనా అన్నాడు. వాడి కూతురిక్కూడా జొరమట. పడవ తిప్పీసినాడు. రేవులో దిగేసరికి నాకు పూలదండ ఎదురైనాది. పారిపోయినోణ్ణి దండేసి తీసుకొచ్చినోళ్ళు ఈ మలయా దేశంలో ఇంకెక్కడైనా ఉన్నారేటి?

రోజూ ఎనకవైపు సెక్కుతున్నాను. గబగబా అయిపోతే పోనిస్తాడేమో. ఒక గడిలో బిడ్డనెత్తుకున్న తల్లి ఉండాలన్నావు కదా. తల్లిని సెక్కినాను. మొహం దానంతటదే కన్నమ్మ మొహం అయిపోనాది. బిడ్డని సెక్కలేదు, మాకు లేరు కదా, సేతులు ఊరికే సాపి ఉన్నాయి. కళ్ళు ఇంకా తెరవలేదు. అద్దం పెట్టుకుని ఎనక్కి తిరుగుతాను, మళ్ళీ అద్దం దించీసి మెలికలు సెక్కుకుంటాను.

దానికి ఇంకా ఏమైనా కనిపిస్తోందా బావా. నిజం రాయి.

తాతబాబు


జార్జ్ టౌన్
1908 అక్టోబరు

తాతబాబుకి.

నిజం రాయమన్నావు. పగలు కిటికీ ఎక్కడుందో తెలుస్తుంది. కిటికీకి అడ్డం ఎవరైనా నిలబడితే మనిషని తెలుస్తుంది. అంతే మిగిలింది.

నీ ఉత్తరం నాచేత రెండుసార్లు చదివించుకుంది. తర్వాత మూట కట్టుకుంది. "పోయినవి కళ్ళు. కాళ్ళు బాగానే ఉన్నాయి కదన్నయ్యా" అంది. లయిన్లలోకి అడుగుపెట్టిన ఆడమనిషి పేరు కూడా తోట కూలీల పట్టీలోకి ఎక్కుతుంది, నిరుడు నిన్ను నా దగ్గరే ఉంచుకున్నది అందుకే, వెళ్తే ఇద్దరూ అక్కడే పడి ఉంటారు అని చెప్పాను. మీ ఇద్దర్లో బయట ఉన్నది నువ్వొక్కదానివే కదా, నువ్వు కూడా వెళ్ళి లోపల పడతావా అని అడిగాను. వినలేదు. క్లాంగు వెళ్ళే తెలిసినవాళ్ళతో స్టీమరు ఎక్కించాను. ఈ ఉత్తరం దానికంటే ముందు చేరాలి. రేవుకి ఎదురెళ్ళు. నీ కాపలావాళ్ళు అక్కడిదాకా అయినా పోనిస్తారనుకుంటాను.

నాకున్నది ఒక్క చెల్లెలు. రాయడానికి ఇంకేం లేదు.

బంగారయ్య


కొబ్బరితోట లయిన్లు
1908 నవంబరు

బంగారయ్య బావకి, తాతబాబూ కన్నమ్మా కలిసి రాసుకున్నది. రాస్తున్నది నేను, రాయిస్తున్నది అది. మజ్జలో నావి కొన్ని ఉంటాయి.

సేరినాను అన్నయ్యా, అని రాయమంది. పడవలో వాంతులైనాయట. రేవుకి లయిన్లన్నీ ఒచ్చినాయి, ముందు అప్పడే. అమ్మగారూ అన్నాడు దీన్ని. ఎవర్రా నువ్వంటే, నేను పామునండి అన్నాడు.

తోట గుమస్తా అదే రోజు దీని పేరు పట్టీలో రాసీసుకున్నాడు. ఎనకవైపు అయిపోతే ఇద్దర్నీ పొమ్మంటారా అని దొరని అడిగినాను. సిలువకి పక్కలు కూడా ఉన్నాయి కదా అన్నాడు. వాళ్ళ ఊరి సిలువకి పక్కల్లోనూ సెక్కుడుందట, ఇప్పుడే గుర్తొచ్చిందట. పక్కలయ్యాక ఇంకేదో గుర్తొస్తాది. తమ్ముడు ఒంటరిగా ఉంటాడని భయం ఆయనకి. అడగడం మానేసినాను.

మర్నాడు పొద్దున్న దీన్ని సిలువ దగ్గిరికి తీసుకెళ్ళినాను. నన్ను ఎండకి అడ్డంగా నించోమంది. నించున్నాను. సూసినాది. "మనిషే" అన్నాది. అంతవరకే కనబడ్డాను బావా. మూడు నెలలు ముందొచ్చుంటే ముక్కైనా కనబడీది.

తరవాత సేతుల్తో రాతిని పట్టుకున్నాది. మెలికలు తడిమి, ఇది ముగ్గు కదా అన్నాది. మీసం తడిమి నవ్వినాది. బొజ్జ తడిమి, దొర పక్కనే ఉన్నాడేమో అని అడిగి, లేడంటే మరీ నవ్వినాది. గుర్రపోడి టోపీ మీద సెయ్యి అలా ఉంచీసినాది. ఎనకవైపుకి నేను తిప్పలేదు, అదే తడుముకుంటూ ఎల్లినాది. తల్లి దగ్గర ఆగినాది. తల్లి మొహం తడిమి, తన మొహం తడుముకుని, మళ్ళీ రాతిని తడిమినాది.

"ముక్కు పెద్దది సేసినావు" అన్నాది.

వానకి అరుగుతాది లే అన్నాను. కళ్ళేవన్నాది. తెరవలేదన్నాను. ఎందుకు తెరవలేదని అడుగుతాదనుకున్నాను. రాతి సేతులు రెండూ తడిమి, వాటిల్లో ఏమీ లేదని తెలుసుకుని, తన సేతులు అందులో పెట్టుకున్నాది.

"తెరువు. ఇద్దర్లో ఒకర్తెకైనా కనపడాలి కదా" అన్నాది.

ఇక్కణ్నించి నేను సొంతంగా రాస్తున్నాను, ఇది నిద్రపోతోంది. అద్దం సంచీలోనే ఉన్నాది బావా. తీసినాను. తీసి, గడ్డిలో బోర్లా పెట్టీసినాను. తిన్నగా రాతితల్లి ఎదుటే కూచుని, దాని మొహంలోకి సూస్తూ తెరిసినాను, ముందు ఎడమది, తరవాత కుడిది. మా తాత సూసుంటే ఉలి లాక్కునీవోడు. ఇంక పొలిమేర ఆయన మాట ప్రకారం కూడా దాటలేను. అప్పడు గేటు దగ్గర మనుషుల్ని తీసీసుకోవచ్చు.

రాతిపొడి ఊది, అయిందని సెప్పినాను. కన్నమ్మ నా భుజం పట్టుకుని ఎనకాల నించున్నాది.

"ఏటి సూస్తోంది?" అన్నాది.

నన్నే సూస్తోందన్నాను.

"పాపం. దానికీ తప్పలేదు" అన్నాది.

అన్నట్టే తిట్టు ఎదురుగానే తిట్టింది బావా. నీకు రాయమని సెప్పింది.

తాతబాబు